ఎదురుకాల్పుల్లో తూటాల లెక్క

అమెరికాలో ముఖాముఖి కాల్పులు జరిగినప్పుడు సాధారణంగా ఎన్ని తూటాలు పేలతాయన్న ప్రశ్నకు అన్ని కాలాలకూ చెల్లే జవాబు లేదు. 1865 జూలై 21న మిజోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైల్డ్ బిల్ హికాక్, డేవిస్ టట్ సుమారు 75 గజాల దూరం నుంచి చెరొక గుండు కాల్చుకోగా, టట్ మరణంతో ఆ పోరు ముగిసింది. కౌబాయ్ సినిమాలు నిత్యకృత్యంగా చూపించే ఇటువంటి ద్వంద్వయుద్ధాలు నిజానికి అరుదు.

1881 అక్టోబరు 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణంలో, ఒక ఫొటో స్టూడియో పక్కనున్న ఇరుకు ఖాళీ స్థలంలో, మార్షల్ వర్జిల్ అర్ప్ వర్గమూ క్లాంటన్, మెక్‌లారీ సోదరుల వర్గమూ కొద్ది అడుగుల ఎడంతో తలపడినప్పుడు సుమారు 30 సెకన్లలో 30 వరకు తూటాలు పేలి, ముగ్గురు మరణించారు, ముగ్గురు గాయపడ్డారు. అంత దగ్గరలో కూడా చాలా తూటాలు గురి తప్పాయి. నాటి రివాల్వర్‌కు, అంటే తూటాలను తిరిగే చక్రంలో ఇముడ్చుకునే చేతితుపాకికి, ఆరు గదులే ఉండేవి. పొరపాటున పేలకుండా చాలామంది వాటిలో ఒకదాన్ని ఖాళీగా ఉంచేవారు. పేలినవి పేలగా మళ్లీ ఒక్కొక్కటిగా నింపుకునే వ్యవధి లేనందున, ఆయుధమే పోరుకు హద్దు గీసేది.

అమెరికా పోలీసులు దాదాపు మరో వందేళ్లు రివాల్వర్‌నే నమ్ముకున్నారు. మూడు గజాలు, మూడు సెకన్లు, మూడు తూటాలు అన్న సూత్రం శిక్షకుల నోట నానింది ఆ అలవాటు నుంచే కావచ్చు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ ఇద్దరు దోపిడీదారులకూ మధ్య ఐదు నిమిషాలలోపే 145 వరకు తూటాలు పేలడంతో ఆ సూత్రం తేలిపోయింది. దొంగల్లో ఒకడు పన్నెండు గాయాలు తగిలాక కూడా పోరాడాడు. చేయి విరిగిన ఒక ఏజెంటు ఒంటిచేత్తోనే షాట్‌గన్ పేల్చి, తర్వాత రివాల్వర్‌తో ముందుకు నడిచి ఆ పోరును ముగించాడు. ఇద్దరు ఏజెంట్లను బలిగొన్న ఈ ఘటన తర్వాత పోలీసు శాఖలు మేగజైన్ పిస్టళ్ల వైపు, అంటే పిడిలో అమర్చే పెట్టె నుంచి తూటాలను అందుకునే తుపాకుల వైపు, వేగంగా మళ్లాయి. న్యూయార్క్ పోలీసులకు ఆ అనుమతి 1993లో దక్కింది.

1997 ఫిబ్రవరి 28న నార్త్ హాలీవుడ్‌లో కవచాలు ధరించిన ఇద్దరు బ్యాంకు దొంగలతో 44 నిమిషాలు సాగిన కాల్పుల్లో రెండు వేలకు చేరువగా తూటాలు పేలగా, మరణించింది ఆ ఇద్దరే. ఇటువంటి అసాధారణ ఘటన ఒక్కటి చేరినా సగటు అర్థం కోల్పోతుంది.

తూటాలు పెరిగినంత మాత్రాన గురి కుదరలేదు. న్యూయార్క్ పోలీసు కాల్పులను పరిశీలించి 2008లో ర్యాండ్ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం, ఎదుటివారు తిరిగి కాల్చనప్పుడు 30 శాతం తూటాలు తగలగా, ఎదురుకాల్పుల్లో తగిలినవి 18 శాతమే. అదే నగరంలో పోలీసులు ఏడాదికి పేల్చిన తూటాలు 1996లోని 1,292 నుంచి 2006 నాటికి 540కి తగ్గాయి. అయితే ఆ 540లో 50 తూటాలు నవంబరులో క్వీన్స్‌లో నిరాయుధులున్న ఒక కారుపై పేలినవే. వాటిలో 31 ఒకే అధికారి తుపాకి నుంచి వెలువడ్డాయి.