పాతదే వెయ్యండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అది సీటీసీ. సిస్టమ్ కొనాలన్నా, పార్టు మార్చాలన్నా, చచ్చిపోయిన హార్డ్‌డిస్క్‌లోంచి పెళ్ళి ఫొటోలు బయటికి తీయించాలన్నా అక్కడికే. ఆ బిల్డింగులో బల్ల వేసుకుని కూర్చునే నాలాంటి మెకానిక్కులకి 2007 నుంచి కొన్నేళ్ళపాటు ఒక విచిత్రమైన గిరాకీ తగిలింది. కస్టమర్ అట్టపెట్టెతో సహా కొత్త లాప్‌టాప్ తెచ్చేవాడు. స్క్రీన్ మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడి ఉండేది కాదు. ‘ఇందులో ఉన్నది తీసేసి పాతదే వెయ్యండి’ అనేవాడు. పాతదంటే విండోస్ ఎక్స్‌పీ. తీసెయ్యాల్సింది విస్టా.

వెనక్కి వెళ్ళడం అప్పుడే పుట్టిన పని కాదు. 2000లో విండోస్ ఎంఈ వచ్చినప్పుడు కూడా చాలామంది మళ్ళీ 98 వేయించుకున్నారు. అప్పట్లో అది చాలా తేలిక. బూట్ ఫ్లాపీ పెట్టి, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, 98 సీడీ పెడితే టీ తాగి వచ్చేలోపు సగం పని అయిపోయేది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. 2001 అక్టోబర్ 25న అమ్మకానికొచ్చిన ఎక్స్‌పీతో యాక్టివేషన్ మొదలైంది. వేసిన విండోస్ సంగతి మైక్రోసాఫ్ట్‌కి తెలియజేసి, సరే అనిపించుకోవాలి. వీధిలో చాలామంది దాన్ని పట్టించుకోలేదన్నది నిజమే. కాపీ సీడీల రాజ్యం అది. కానీ లెక్కలు చూపించాల్సిన ఆఫీసులకి ఆ రూలు తప్పలేదు.

ఎక్స్‌పీకీ విస్టాకీ మధ్య ఐదేళ్ళు దాటిపోయింది. ఆ ఐదేళ్ళలో ఇంటర్నెట్ సెంటర్లు, డీటీపీ సెంటర్లు, ట్యూషన్ పాయింట్లు, కాలేజీ ల్యాబులు అన్నీ ఎక్స్‌పీ మీదే పెరిగాయి. మా వీధి చెయ్యి దానికే అలవాటుపడింది. 2007 జనవరి 30న మామూలు కొనుగోలుదారులకి విస్టా వచ్చింది. ఎక్స్‌పీకి 128 ఎంబీ ర్యామ్ ఉంటే మేలని చెప్పిన మైక్రోసాఫ్ట్, విస్టా హోమ్ ప్రీమియంకి 1 జీబీ కావాలంది. ‘విస్టా క్యాపబుల్’ అని స్టిక్కర్ వేసి అమ్మిన కొన్ని మెషిన్లలో విస్టా అసలు సోకులు నడవవని అమెరికాలో సియాటిల్ కోర్టులో దావా పడింది. 2007 ఏప్రిల్‌లోనే డెల్ కస్టమర్ల మాట విని, కొన్ని మోడళ్ళకి మళ్ళీ ఎక్స్‌పీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఎక్స్‌పీ అమ్మకం ఆపొద్దని ఇన్ఫోవరల్డ్ పత్రిక 2008లో సంతకాల సేకరణ పెడితే రెండు లక్షలమందికి పైగా సంతకం చేశారు. అమ్మకం గడువు అంతకుముందే 2008 జనవరి నుంచి జూన్ 30కి జరిగింది. చిన్న నెట్‌బుక్‌ల కోసమైతే ఎక్స్‌పీ హోమ్‌ని ఆ గడువు దాటాక కూడా ఉంచారు. వాటిలో లైనక్స్ పాతుకుపోతుందన్న భయం కూడా అందుకు ఒక కారణం.

మా బల్ల దగ్గర మాత్రం జనం చెప్పే కారణాలు వేరు. పెళ్ళిళ్ళ సీజన్లో ఒక అక్క వచ్చింది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు క్వశ్చన్ పేపర్లు టైపు చేసే డీటీపీ సెంటర్ ఆవిడది. అప్పట్లో తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, దానికి తోడు అనూ లాంటి ఫాంట్లు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలో కూర్చుని ఉంటాయి. టైపు చేసేటప్పుడు ఏ గుణింతానికి ఏ ముక్క, ఏ ఒత్తు పడాలో ఒక కీబోర్డు ప్రోగ్రాము చూసుకుంటుంది. ఫాంటు ఉండి ఆ ప్రోగ్రాము పలక్కపోతే టైపు సాగదు. ఫాంటే లేకపోతే కంపోజ్ చేసిన శుభలేఖ మొత్తం పిచ్చి ఇంగ్లిష్ గుర్తులుగా కనిపిస్తుంది. అడోబ్ 2004లోనే పేజ్‌మేకర్ పని ఆపేసింది. 2001 నాటి 7.0 తర్వాత కొత్త వెర్షన్ లేదు, విస్టా కోసం దాన్ని మళ్ళీ రాసే దిక్కూ లేదు.

‘తమ్ముడూ, నాకు ఆ అద్దాల కిటికీలు, రంగులు వద్దు. నా ఫైళ్ళు తెరుచుకోవాలి, ప్రింటు రావాలి, అంతే’ అంది అక్క. వరసగా ముహూర్తాలు. ప్రెస్సువాడు ట్రేసింగ్ కాగితం మీది ప్రింటు కోసం కూర్చున్నాడు. ఆవిడది చాదస్తం అనడానికి వీల్లేదు. ఏళ్ళ తరబడి పోగైన పేజ్‌మేకర్ ఫైళ్ళే ఆవిడ పెట్టుబడి. పోయినేటి శుభలేఖలో పేర్లు మార్చి ఈ ఏడాదిది చేస్తేనే ఆ ధరకి గిట్టుబాటు.

ఇక పాతది వేసే పని. కొత్త లాప్‌టాప్‌లతో విండోస్ డిస్క్ వచ్చేది కాదు, హార్డ్‌డిస్క్‌లోనే దాచిన ఒక భాగంలో రికవరీ ఉండేది. ముందు దాన్ని డీవీడీల మీదకి ఎక్కించి కస్టమర్ చేతిలో పెట్టాలి. లేకపోతే రేపు వారంటీకి వెళ్తే చూపించడానికి ఏమీ మిగలదు. తర్వాత ఎక్స్‌పీ సీడీ పెట్టి బూట్ చేస్తే నీలం తెర, చివర్లో 7బి అన్న నంబరు. సీడీ తయారైన కాలానికి సాటా డిస్క్‌ని ఏహెచ్‌సీఐ పద్ధతిలో నడిపే డ్రైవర్లు అందులో లేవు. ఎదురుగా ఉన్న డిస్క్ దానికి కనపడదు. బయోస్‌లోకెళ్ళి ఏహెచ్‌సీఐని ఐడీఈకి మార్చాలి. ఆ ఆప్షన్ లేని మోడల్ అయితే ఎన్‌లైట్ అనే ప్రోగ్రాముతో ఆ డ్రైవర్ కలిపి కొత్త సీడీ రాసుకోవాలి.

ఎక్స్‌పీ ఎక్కాక కూడా సౌండు రాదు, వైఫై లేదు. డివైస్ మేనేజర్ నిండా పసుపుపచ్చ ప్రశ్నార్థకాలు. ఒక్కోదాని మీద రైట్ క్లిక్ కొట్టి, వివరాల్లో ఉన్న తయారీదారు కోడు, పరికరం కోడు కాగితం మీద రాసుకునేవాళ్ళం. 8086 అని కనిపిస్తే ఇంటెల్. ఆ నంబర్లు పట్టుకుని, అదే చిప్ వాడిన వేరే మోడల్‌కి ఇచ్చిన ఎక్స్‌పీ డ్రైవర్ వెతికి ఎక్కించేవాళ్ళం. మా పనితనమంతా అక్కడే ఉండేది. విండోస్ ఎవరైనా వేస్తారు. సౌండు వచ్చేలా చేసినవాడికే డబ్బులు.

ఆఫీసులకైతే లైసెన్సు దారి ఉండేది. విస్టా బిజినెస్, అల్టిమేట్ కొన్నవాళ్ళకి ఎక్స్‌పీ ప్రొఫెషనల్ వాడుకునే హక్కు లైసెన్సులోనే ఉంది. హోమ్ బేసిక్, హోమ్ ప్రీమియంకి లేదు. అంటే వెనక్కి వెళ్ళాలన్నా ఖరీదైనదే కొనాలి. ఎక్స్‌పీ వేశాక మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చేసి, తెర మీది పొడుగాటి అంకెల వరస చదివి, అవతలివాళ్ళు చెప్పిన 42 అంకెల్ని ఆరేసి చొప్పున ఏడు గళ్ళల్లో కొట్టాలి. ఒక్కటి తప్పితే మళ్ళీ మొదటికే.

2009 అక్టోబర్‌లో విండోస్ 7 రావడంతో ఈ గిరాకీ చల్లబడింది. అయినా 64 బిట్ మెషిన్లు పెరిగేసరికి మరో వర్గం మా దగ్గరికి వచ్చింది. రైసుమిల్లులు, చిట్‌ఫండ్‌లు, మందుల హోల్‌సేల్ షాపుల లెక్కలు పాత ఫాక్స్‌ప్రో డాస్ ప్రోగ్రాముల్లో ఉండేవి. 64 బిట్ విండోస్ డాస్ ప్రోగ్రాముల్ని నడపదు. వాళ్ళకి 32 బిట్ వేసి పంపేవాళ్ళం.

2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేసింది. జనం మళ్ళీ బల్ల దగ్గరికొచ్చారు, ఈసారి 7 కోసం. కానీ ఈలోపు మెషినే మారిపోయింది. బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ, దానికి సెక్యూర్ బూట్ కాపలా. లాప్‌టాప్ కింద కీ రాసి అతికించే స్టిక్కర్ పోయి, విండోస్ కీ మదర్‌బోర్డులోకే వెళ్ళిపోయింది. సెక్యూర్ బూట్ ఆపి, లెగసీ మోడ్‌కి మార్చి, డిస్క్ మొత్తం తుడిస్తే గానీ మామూలుగా 7 ఎక్కేది కాదు. 2015 తర్వాతి బోర్డుల్లో చాలావాటిలో 7 సెటప్ మొదలవగానే కీబోర్డూ మౌసూ చచ్చిపడేవి. కొత్త యూఎస్‌బీ డ్రైవర్ ఆ సెటప్‌లో లేదు. చివరికి 2017లో ఏడో తరం ఇంటెల్, రైజెన్ ప్రాసెసర్ల మీద నడిచే విండోస్ 7కి అప్‌డేట్లు ఆపేశారు. ఫ్లాపీ రోజుల్లో మెకానిక్ చేతిలో ఉన్న పని లైసెన్సు కాగితం మీదకి, అక్కణ్ణుంచి చిప్పులోకి చేరింది. ఇవాళ విండోస్ 11కి మారినవాడికి ఒక్క క్లిక్కుతో వెనక్కి వెళ్ళడానికి మామూలుగా పది రోజుల గడువుంటుంది. పదో రోజు దాటితే మళ్ళీ మొత్తం తుడిచి వేసుకోవాల్సిందే.

పాతది వదిలెయ్యమనే కంపెనీల వాదనలో పస లేదనను. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి సపోర్టు ఆగిపోయాక కూడా బ్యాంకుల ఏటీఎంలు దానిమీదే నడుస్తుంటే, రిజర్వు బ్యాంకు 2018లో సర్క్యులర్ ఇచ్చి ఏడాది గడువు పెట్టాల్సి వచ్చింది. కన్నాలు పూడ్చని విండోస్ మీద జనం డబ్బు పెట్టకూడదు. ఆ మాట మేమూ చెప్పేవాళ్ళం. విని కూడా ‘పాతదే వెయ్యండి’ అనేవాళ్ళు. ఎందుకంటే వాళ్ళకి కొత్త విండోస్ ఇచ్చినవాళ్ళు, వాళ్ళ ఫైళ్ళకి కొత్త దారి ఇవ్వలేదు. తెలుగుకి యూనికోడ్ 1991 నుంచే ఉంది, ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటు వచ్చింది. అయినా పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు పట్టదు. పాత ఫాంట్లలో ఉన్న సరుకు దానంతటది మారదు.

ఇప్పటికీ తెలుగు డీటీపీ చేసేవాళ్ళు నా దగ్గరికొస్తే, ఏ విండోస్ వెయ్యాలన్నది తర్వాత సంగతి అంటాను. ముందు పాత ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చి, ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునేలా పెట్టుకోమంటాను. ఆ పని ఒక్కసారి అయిపోతే కంపెనీ ఎన్ని విండోస్‌లు తెచ్చినా, ఎన్ని ఆపేసినా వెనక్కి వెళ్ళాల్సిన అవసరమే రాదు. నా బల్లకి ఒక గిరాకీ తగ్గుతుంది, తగ్గనీ.