మాట వెనుక కథ: బాహ్యకోణం

మనం రోజూ వాడే మాట మూల. ఇంటికి ఈశాన్య మూల, చేనుకు పల్లపు మూల. లెక్కల పుస్తకంలోకి మాత్రం సంస్కృతం నుంచి కోణం వచ్చింది. జ్యోతిషంలోని త్రికోణం గ్రీకు త్రిగోనోన్ నుంచి వచ్చిందని చరిత్రకారులంటారు. భుజమంటే చెయ్యి, అలాంటివి చాలా ఉన్నది బహుభుజి.

బాహ్యకోణం అర్థం మాత్రం బడిలో ఒకటి, గని సర్వేలో ఇంకొకటి. మణుగూరులోని సింగరేణి ఓపెన్‌కాస్టుల్లాంటి చోట హద్దు కొలవాలంటే, సర్వేయర్ స్టేషన్ తర్వాత స్టేషన్ చూసుకుంటూ మొదటి దగ్గరికే తిరిగొస్తాడు. దాన్ని క్లోజ్డ్ ట్రావర్స్ అంటారు. ఐదు స్టేషన్లుంటే లోపలి కోణాల మొత్తం (5−2)×180, అంటే 540 డిగ్రీలు రావాలి. కొద్ది తేడా వస్తే కోణాలన్నిటికీ పంచి సరిచేస్తారు. పెద్ద తేడా అయితే మళ్లీ కొలవాల్సిందే.

ఒక మూలలో లోపలి కోణం 110 అనుకుందాం. బడిలో భుజాన్ని పొడిగించి బాహ్యకోణం 70 అంటాం. సర్వేలో మూల చుట్టూ మిగిలిన 250ని బయటి కోణం అంటారు. ఆ 70ని డిఫ్లెక్షన్ కోణం అంటారు, దారి ఎంత మళ్లిందో అన్నమాట. లోపలికి నొక్కులేని హద్దుకు, మూలలెన్నున్నా, బడి లెక్కన మొత్తం 360. సర్వే లెక్కన ఐదు మూలలకు 1260. మైనింగ్ డిప్లొమాలో చేరిన పిల్లలు ముందు అడగాల్సింది, ఏ బాహ్యకోణం అనే.