బాయ్‌కాట్: ఒకే మాట, రెండు అర్థాలు

విద్యార్థులు తరగతులు బాయ్‌కాట్ చేశారంటాం. ప్రతిపక్షం సభను బాయ్‌కాట్ చేసిందంటాం. ఊరంతా కలిసి దళితవాడను సోషల్ బాయ్‌కాట్ చేసిందని కూడా అంటాం. మొదటి రెండూ నిరసనలు, మూడోది నేరం. ఒకే మాట ఈ రెండింటికీ ఎలా వచ్చిందో, ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూద్దాం.

ఉచ్చారణ

ఇంగ్లీషులో ఈ మాటను 'బాయ్', 'కాట్' అని రెండు భాగాలుగా పలుకుతారు. ఊనిక మొదటి భాగం మీద పడుతుంది. బ్రిటిష్ ఉచ్చారణలో రెండో భాగం పొట్టిగా వినిపిస్తుంది. నామవాచకంగా వాడినా, క్రియగా వాడినా ఊనిక మారదు. స్పెల్లింగు చివర 'టి' రెండుసార్లు వస్తుంది. అబ్బాయి అనే అర్థమున్న 'బాయ్'తో గానీ, మంచం అనే అర్థమున్న 'కాట్'తో గానీ దీనికి సంబంధం లేదు.

పుట్టుక

ఇది ఒక మనిషి ఇంటిపేరు. కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు. 1880లో పంటలు సరిగా లేవని, కౌలు 25 శాతం తగ్గించాలని రైతులు అడిగారు. భూస్వామి 10 శాతానికి మించి తగ్గించనన్నాడు. కౌలు కట్టని వారిని ఖాళీ చేయించడానికి బాయ్‌కాట్ నోటీసులు పంపించాడు.

అప్పటికే ఐరిష్ ల్యాండ్ లీగ్ రైతులను కూడగడుతోంది. దాని నాయకుడు పార్నెల్ 1880 సెప్టెంబర్ 19న ఎన్నిస్ పట్టణంలో మాట్లాడుతూ, వెళ్లగొట్టిన రైతు భూమిని తీసుకున్న వాడితో ఎవరూ మాట్లాడొద్దని, పూర్వం కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు పెట్టాలని చెప్పాడు. మేయో రైతులు ఈ పద్ధతిని బాయ్‌కాట్ మీద ప్రయోగించారు. కూలీలు పని మానేశారు. దుకాణాల వాళ్లు సరుకులు ఇవ్వలేదు. చివరికి బయటి నుంచి 50 మందిని రప్పించి, సుమారు వెయ్యి మంది సైనికుల కాపలాతో పంట తీయించాల్సి వచ్చింది. ఆ డిసెంబర్‌లో అతను ఐర్లండ్ వదిలి వెళ్లిపోయాడు. అతని పేరు మాత్రం కొద్ది నెలల్లోనే మాటగా మారి, తర్వాత యూరప్ భాషల్లోకి పాకింది.

అప్పటి నుంచి ఈ మాట బలహీనుల ఆయుధానికి పేరైంది. 1905లో బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా విదేశీ వస్తువుల బాయ్‌కాట్ జరిగింది. 1955 డిసెంబర్‌లో అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి ప్రజలు సిటీ బస్సులు ఎక్కడం మానేసి, ఏడాదికి పైగా నడిచి పనులకు వెళ్లారు. బస్సుల్లో వర్ణ వివక్ష రద్దయ్యాకే మళ్లీ ఎక్కారు.

వెలి

మన ఊళ్లలో ఈ పని ఐర్లండ్ కంటే చాలా పాతది. దానికి మన మాట 'వెలి', అంటే బయట. వెలివాడ అంటే ఊరి బయట పెట్టిన వాడ. ఇంగ్లీషు మాట వచ్చాక వెలికి 'సోషల్ బాయ్‌కాట్' అనే పేరు కూడా అతికింది. కానీ ఇక్కడ దిశ తిరగబడింది. మేయోలో కౌలుదార్లు భూస్వామి మనిషికి తమ చాకిరీని ఆపారు. మన ఊళ్లలో భూమి, దుకాణం, నీళ్లు చేతిలో ఉన్నవాళ్లు కూలి బతుకుల వాళ్లకు వాటిని ఆపుతున్నారు.

ఈ తేడాను అంబేడ్కర్ ముందే గుర్తించారు. ఆయన సభ్యుడిగా ఉన్న బొంబాయి ప్రభుత్వ కమిటీ 1930లో ఇచ్చిన నివేదిక, హక్కు అడిగిన అంటరాని వారిపై ప్రయోగించే ఆయుధంగా బహిష్కరణను వర్ణించింది. మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి ఇచ్చిన పత్రంలో ఆయన సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించాలని కోరారు. 1922 నాటి బర్మా చట్టాన్ని అందుకు నమూనాగా చూపారు.

తెలుగు నేల మీద దీని చరిత్ర రక్తంతో ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ హత్యాకాండకు ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన వివాదం దళితుల వెలి దాకా వెళ్లింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల, ఆయన సహచరులు తమను హాస్టల్ నుంచి గెంటేయడాన్ని సాంఘిక బహిష్కరణగానే చెప్పారు. తాము ఉన్న శిబిరానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు.

చట్టంలో అర్థం

2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 'సాంఘిక బహిష్కరణ', 'ఆర్థిక బహిష్కరణ' అనే మాటలకు నిర్వచనాలు చేరాయి. పని ఇవ్వకపోవడం, వ్యాపారం చేయకపోవడం, సేవలు అందకుండా చేయడం ఆర్థిక బహిష్కరణ. ఆనవాయితీగా ఇచ్చిపుచ్చుకునే సేవలను అడ్డుకోవడం, సంబంధాలు తెంచుకోవడం, మిగతా వారి నుంచి వేరు చేయడం సాంఘిక బహిష్కరణ. సెక్షన్ 3(1)(జెడ్‌సి) ప్రకారం ఎస్సీ, ఎస్టీలు కాని వారు ఇలా బహిష్కరించినా, బహిష్కరిస్తామని బెదిరించినా నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా.

'మా పొలం, మా ఇష్టం. పనికి పిలవకపోతే కేసా?' అనే వాదన ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. అందుకే ఫిర్యాదులో 'మమ్మల్ని బాయ్‌కాట్ చేశారు' అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు. ఎవరు సమావేశం పెట్టారు, ఏ రోజు చాటింపు వేశారు, ఏ దుకాణం సరుకు ఇవ్వలేదు, ఎవరి పొలంలో పని ఆగింది, ఎక్కడ నీళ్లు ఆపారు, మాట్లాడిన వాళ్లకు ఎంత జరిమానా అన్నారు అనేవి ఒక్కొక్కటిగా రాయాలి. ఇలా రాస్తేనే ఒకరి ఇష్టాయిష్టాలకూ, ఊరంతా కలిసి తీసుకున్న నిర్ణయానికీ తేడా తెలుస్తుంది. 'సాంఘిక బహిష్కరణ', 'ఆర్థిక బహిష్కరణ' అనే చట్టం మాటలను కూడా ఫిర్యాదులో ఉన్నవి ఉన్నట్టే రాయాలి.