ఒళ్ళు పట్టిన చేతులు

తెలుగులో వ్యాయామం గురించి మాట్లాడాలంటే 'పట్టు' అనే మాట చుట్టూనే తిరగాలి. గోదాలో అవతలివాణ్ణి పడేసేది పట్టు. నాలుగు నెలలు సాము చేసి, కడుపునిండా తింటే కండ పడుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాడికి మర్నాడు పొద్దున ఒళ్ళు పట్టేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఒళ్ళు పట్టాలి. మొదటి మూడింటికీ మన దగ్గర కథలున్నాయి, బిరుదులున్నాయి. నాలుగోదానికి లేవు. ఒళ్ళు పట్టించుకున్నవాళ్ళ పేర్లు చరిత్రలో ఉన్నాయి గానీ, పట్టినవాళ్ళవి లేవు.

1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల దినచర్యను వివరంగా రాశాడు. తెల్లవారకముందే రాయలు ముప్పావు పింటు నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒళ్ళంతా పట్టించుకునేవాడట. గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతుల్లోకి ఎత్తుకునేవాడు. పట్టిన నూనె అంతా చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆ తర్వాత గుర్రమెక్కేవాడు. తాగిన నూనె కొలత కూడా పేస్ రాశాడు. స్నానం చేయించే బ్రాహ్మణుడి ప్రస్తావన ఉంది, పేరు లేదు. వీపుకి నూనె ఎవరు రుద్దారన్నది అసలు ప్రస్తావనకే రాలేదు.

అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందే కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం'లో మల్లుల వినోదానికి చోటిచ్చాడు. మల్లులని తరగతులుగా విడగొట్టి, ఏం తినాలో, ఏ సాధన చెయ్యాలో చెప్పాడు. ఇసుక మూటలు ఎత్తడం, ఈత, నడక అన్నీ ఉన్నాయి. ఇవాళ్టి జిమ్‌లో కోచ్ రాసిచ్చే పట్టికకి ఇది పెద్ద దూరమేమీ కాదు. బరువు, తిండి, విశ్రాంతి అనే మూడు కాళ్ళ పీట అప్పటికే ఉంది.

మన కాలానికి దగ్గరగా వస్తే కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సర్కస్ కంపెనీ పెట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. 'ఇండియన్ హెర్క్యులస్' అన్నారు, 'కలియుగ భీముడు' అన్నారు. ఆయన తెంచిన గొలుసుల గురించి ఎన్ని కథలైనా దొరుకుతాయి. ఏనుగు దిగాక ఆ ఛాతీని ఎవరు తోమారో చెప్పే కథ నాకెక్కడా తగల్లేదు.

ఇది మరిచిపోవడం వల్ల జరిగింది కాదు. మన ఊళ్ళలో ఒళ్ళు పట్టడం చాలావరకు మంగలివాళ్ళ పని. క్షవరం, చిన్నపాటి శస్త్రవైద్యం, సన్నాయి, ఆడవాళ్ళైతే మంత్రసాని పని, బాలింతకీ పసిబిడ్డకీ నూనె రాయడం. ఇంటింటి ఒంటికీ అక్కరకొచ్చిన ఈ చేతుల్ని కింది మెట్టు మీదే కూచోబెట్టారు. భాషలో కూడా చూడండి. 'కాళ్ళు పట్టడం' సేవ. 'కాళ్ళు పట్టుకోవడం' లొంగుబాటు. రెండింటి మధ్య దూరం ఎంతని!

ఈ మెట్ల వరస కొంచెం కదిలింది అఖాడాల్లోనే. కాశీ పహిల్వాన్ల మీద జోసెఫ్ ఆల్టర్ అనే మానవశాస్త్రవేత్త 1992లో ఒక పుస్తకం రాశాడు. అక్కడ మాలిష్ కూలికి చేయించుకునేది కాదు, ఒకరికొకరు చేసుకునేది. బయట తాకడానికి వెనకాడే కులాలవాళ్ళు కూడా గోదా మట్టిలో ఒకరి తొడలు ఒకరు పిసుకుతారు. హైదరాబాదు తాలీంఖానాలు కూడా ఇలాంటి బడులే. పహిల్వాన్లు కుస్తీ మానేశాక ఎముకలు సరిచేసే వైద్యులుగా బతకడానికి ఆ చేతి అనుభవమే పెట్టుబడి అయ్యింది.

ఇంతకీ మర్దనతో కండ పెరుగుతుందా? బరువులెత్తేవాళ్ళకి కావలసిన జవాబు ఇదే. కండ పెరిగేది బరువు మోసినప్పుడు పడిన ఒత్తిడి వల్ల, తర్వాత తిన్న తిండి వల్ల, పడుకున్న నిద్ర వల్ల. మర్దన లాక్టిక్ ఆమ్లాన్ని పిండేస్తుందన్నది పాత నమ్మకం. ఆ ఆమ్లం ఓ గంటలో దానంతటదే పోతుంది. నొప్పి ముదిరేది మర్నాడు, ఆ మర్నాడు. 2012లో కెనడాలో 11 మంది కుర్రాళ్ళ చేత అలిసిపోయేదాకా సైకిలు తొక్కించి, ఒక కాలికి మాత్రం పది నిమిషాలు మర్దన చేశారు. ఆ కాలి కండరంలో వాపు సంకేతాలు తగ్గాయి. లాక్టేటు విషయంలో రెండు కాళ్ళకీ తేడా లేదు. 2020లో 29 అధ్యయనాలని కలిపి చూసిన సమీక్షలో మర్దన వల్ల బలం గానీ వేగం గానీ పెరిగినట్టు కనబడలేదు. నొప్పి కాస్త తగ్గింది, ఒళ్ళు కాస్త వంగింది, అంతే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మాత్రం, వాడక చిక్కిపోయిన కండ మర్దనతో బాగా తిరిగి పెరిగింది. మనుషుల్లో బరువుల సాధనకి దాన్ని అన్వయించడానికి ఇంకా దూరం ఉంది.

అంటే మర్దన బలం ఇవ్వదు. రేపటి రోజుని ఇస్తుంది. ఆ లెక్కన అది ఎవరికి ఎక్కువ అవసరం? కారేపల్లి స్టేషన్లో దిగి చూస్తే జవాబు దొరుకుతుంది. డోర్నకల్ నుంచి వచ్చిన లైను అక్కడ చీలి ఒకటి కొత్తగూడెం వైపు, ఒకటి ఇల్లెందు వైపు పోతుంది. 1871లో విలియం కింగ్ ఈ చుట్టుపక్కల బొగ్గు గుర్తించాడు. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. కారేపల్లి మండలానికి ఉన్న అసలు పేరు, సింగరేణి, కంపెనీకి పేరైంది. గనిలో చాలాకాలం తట్టా చెమ్మస్ పనే. పారతో తట్టలోకి ఎత్తి, తట్టతో టబ్బులోకి పోయడం. రాయలు ఎత్తిన మట్టి బరువులకీ దీనికీ తేడా ఒకటే: ఇక్కడ చాలనిపించినప్పుడు దించేసే వీల్లేదు. షిఫ్టు అయ్యాక ఇంట్లో అమ్మో, పెళ్ళామో, పిల్లలో వీపెక్కి తొక్కితే అదే మాలిష్. అడివి వైపు కోయ గూడేల్లో ఇప్ప గింజల నూనె ఉంటుంది. చలికి గడ్డకడితే కాస్త వెచ్చబెట్టి కీళ్ళకి రుద్దుతారు. ఈ చేతులకి కూలి లేదు, ఖాతా లేదు. కానీ మర్నాటి షిఫ్టుకి మనిషి లేచింది వాటివల్ల కూడా.

ఇప్పుడు జిమ్ముల్లో ఫోమ్ రోలరు, మసాజ్ గన్ను వచ్చాయి. ఎవరి కాళ్ళూ ఎవరూ పట్టక్కర్లేదు. మంచిదే, ఒక మెట్టు పోయింది. దాంతోపాటు అఖాడాలో ఒకరి ఒళ్ళు ఒకరు పట్టిన అలవాటు కూడా పోతోంది. దానికి ఏ యంత్రం సరిపోతుందో నాకు తెలీదు.