గూడు కడాన, ఇరుసు మొదట

మంట దగ్గిరికి జరుగు అబ్బోడా. నువ్వూ రా అమ్మణ్ణీ. పొద్దున్నించీ చూస్తా ఉండా. ఆ పాత మెటాడోరు వ్యాను కొనుక్కొచ్చి పెరట్లో నిలబెట్టినారు. లోపల మంచమంటారు, గ్యాసు పొయ్యంటారు, కిటికీలకు తెరలంటారు. ఊరూరా తిరుగుతా దాంట్లోనే పొణుకుంటామంటారు. బాగుండాది, నేను వద్దన్లా. గాని పైకప్పుకు రంగేసినారే, బండి కిందికి దూరి కమాన్లు చూసినవాడు మీలో ఒకడన్నా ఉండాడా?

నవ్వొద్దండి. మనింట్లో ఇల్లు మాదిరి బండి ఇదే మొదటిది కాదు. ఇదే పెరట్లో చింతమాను కింద గూడుబండి ఒకటి ఉండె. మా జేజినాయన చేయించింది. నాకు ఊహ తెలిసేటప్పటికి అది కోళ్లు గుడ్లు పెట్టేదానికి తప్ప ఇంక దేనికీ పనికొచ్చేది కాదు. ఒక చక్రంలో ఆకులు వదులై గలగల్లాడేవి. ఇంకో చక్రానికి ఇనప పట్టా ఊడిపోయింది. గూడు చెదలు తినేసింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మా అవ్వ తిరుత్తణికి మొక్కుకునింది, ఆడికృత్తికకు కావడి ఎత్తుకోని వస్తానని. తిరుత్తణి అప్పుడు మన చిత్తూరు జిల్లాలోనే ఉండె. 1960 ఏప్రిల్‌లో గదా దాన్ని మద్రాసు రాష్ట్రంలో కలిపింది. రైల్లో పోవాలంటే చిత్తూరులో చిన్న రైలెక్కి, కాట్పాడిలో దిగి, అరక్కోణంలో ఇంకోటి మారాల. పిల్లా జెల్లా, కావడి, సద్దిమూటలు పెట్టుకోని అన్ని రైళ్లు మారేది అవ్వకు ఇష్టం లేకపోయింది. కొత్త బండి చేయించేదానికి మా నాయన దగ్గిర దుడ్డు లేదు. "ఉండే బండినే ఇంటికాడ బాగుచేసుకుందాము" అన్న్యాడు.

వడ్లాచారిని పిలిపించినాము. ఆ కాలంలో ఆయనకు కూలి రొక్కంగా ఇచ్చేది లేదు, కోతలప్పుడు కళ్లంలో మేర కొలిచేది. వచ్చినాడు, బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగినాడు. గూడు వైపు కన్నెత్తి గూడా చూళ్ళా. మా చిన్నాయన "ముందు గూడు పీకేస్తామా?" అంటే జవాబే ఇయ్యలా. చిన్న కర్రతో చక్రంలో ఆకుల్ని ఒక్కొక్కటే తట్టినాడు. గట్టి ఆకయితే టంగుమంటుంది. పుచ్చిందయితే మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన వాటికి సుద్దతో గీతలు పెట్టుకుంటా పోయినాడు. ఆమీద ఇరుసు కింద పొణుకోని, వేలితో తడివి, లేచి "ఇరుసు బాగుండాది, చక్రాలు రెండూ కొత్తగా పొయ్యాల, గూడు సంగతి కడాన చూద్దాము" అని పొయినాడు. అంతే ఆ పొద్దు పని.

మీరు బండి చక్రాలు చూసింటారు గాని దాని కట్టుబాటు చూసిండరు. నడుమ కుండ ఉంటుంది. దాంట్లోనించి ఆకులు బయలుదేరతాయి. ఆకుల కొసలు వంపు చెక్కల్లోకి దిగుతాయి. వాటినే పూటీలంటారు. ఒక్కో పూటీకి రెండు ఆకులు. 12 ఆకుల చక్రమయితే 6 పూటీలు. మేకు ఒక్కటీ ఉండదు, బందనమూ ఉండదు. ఇదంతా ఊడిపోకుండా పట్టుకునేది బయటి ఇనప పట్టా ఒక్కటే. అందుకే కొయ్య బాగా ఎండిందయి ఉండాల. పచ్చి కొయ్యతో చేస్తే ఎండాకాలం రాంగానే లోపల్లోపల కుంచించుకుపోతుంది, పట్టా వదులయి దోవలో దొర్లుకుంటా పోతుంది.

నల్లతుమ్మ కొయ్య కోసరం పోతే, అమ్మేవాడు "రెండేండ్ల కింద కొట్టింది, బాగా ఎండింది" అన్న్యాడు. మా నాయన కొయ్యను ఎత్తి చూసినాడు, బరువు ఎక్కువుండాది. ఏమీ అన్లా. "సరేప్పా, మన ఊరి సామి ముందర ఆ మాటే చెప్పి దుడ్డు తీసుకో" అన్న్యాడు. కాణిపాకం సామి ముందర ప్రమాణమంటే ఇక్కడ ఆటలు కాదు. కోర్టులో తేలనివి గూడా ఆ సామి బావికాడ తేల్చుకుంటారు. ఆ మనిషి తల గోక్కోని "రెండేండ్లంటే మరీ రెండేండ్లు కాదు రెడ్డీ, పోయిన దీపావళికి కొట్టిందిలే" అన్న్యాడు. ఇంకో కుప్ప చూపించినాడు, అది మంచి కొయ్య. ధర గూడా తగ్గించినాడు పాపం. ఇప్పుడు వేలమంది వస్తా ఉండారు గాని, ఊరివాళ్లకు ఆ సామి అప్పటికీ ఇప్పటికీ పక్కింటి పెద్దమనిషే.

పట్టా ఎక్కించిన దినం మాత్రం నేను సచ్చేదాకా మర్చిపోను. కమ్మరాయన ముందు తాడుతో చక్రం చుట్టూ కొలిచినాడు. పట్టాను ఆ కొలతకన్నా రవ్వంత తక్కువగా చేసినాడు. "తక్కువ చేస్తే ఎట్లా పడుతుంది?" అని నేనడిగితే "చూస్తా ఉండు" అన్న్యాడు. తిత్తి ఊదే పని నాది. చక్రాన్ని రాతిబండ మీద పొణుకోబెట్టి, పట్టా చుట్టూ పిడకలు పేర్చి మంటేసినారు. ఇనుము కాలితే సాగుతుంది గదా. ఎర్రగా కాలినాక నలుగురు మొగోళ్లు పటకార్లతో ఎత్తి చక్రం మీద దించినారు. పూటీలు భగ్గున అంటుకున్న్యాయి. సుత్తులతో ఠపా ఠపా కొట్టి సమానం చేసి, ఆడోళ్లు కడవలతో నీళ్లు గుమ్మరించినారు. పొగ, ఆవిరి, ఎవురి మొగం ఎవురికీ కనపళ్ళా. ఆ పొగలోనించే కొయ్య కిర్రుమని మూలుగుతా బిగుసుకునే చప్పుడు వినపడింది. పూటీలకూ పూటీలకూ మధ్య వేలు దూరే సందుండె, చల్లారినాక చూస్తే వెంట్రుక గూడా దూరదు. ఆ రవ్వంత కొలతలోనే ఉండాది పనితనమంతా. మరీ తక్కువ చేసింటే ఆకులు వంగిపోతాయి, ఎక్కువ చేసింటే పట్టా నిలవదు.

కందెన మా అవ్వ చేసింది. వరిగడ్డి కాల్చి ఆ మసిని ఆముదంలో కలిపి నూరేది. వెదురు గొట్టంలో పోసి బండి కింద తగిలించుకుంటారు. చక్రం కూసిందంటే దిగి చీల తీసి పూసుకోవాల. ఇప్పుడు మీరు బేరింగులకు గ్రీజు కొట్టించేదీ అదే పని.

గూడు కడాన రెండు దినాల్లో అయిపోయింది. పచ్చి వెదురు బద్దలు సెగకు చూపించి వంచి, బండి రెండు పక్కలా దిగేసి, వాటిమీద తడిక, తడిక మీద ఈతచాపలు రెండు వరసలు. అంతే. లోపల వరిగడ్డి మెత్తగా పరిచి బొంతలేసినాము. కింద ఇరుసుకు జోలి కట్టి దాంట్లో చట్లు, ఎద్దులకు చొప్ప, లాంతరు. మా చిన్నాయన గూటికి రంగుల గుడ్డ కుట్టిస్తానని ఎగిరినాడు గాని, అవ్వ "ఆ దుడ్డుతో ఎద్దులకు లాడాలు కొట్టించు" అనింది.

సామానెక్కించేటప్పుడు మా నాయన చేసిన పనొకటి ఉండాది, మీరు చెవి పెట్టి వినాల్సింది ఇదే. బియ్యం మూట, నీళ్ల కడవ, అవ్వ పెట్టె ఒక్కొక్కటీ పెట్టి, ప్రతిసారీ కాడి ఎత్తి చూస్తా ఉండె. బరువు ముందుకు పడితే ఎద్దుల మెడ ఒరుసుకుపోతుంది. వెనక్కి పడితే కాడి పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటాయి. ఇరుసుకు అటూ ఇటూ సమంగా, రవ్వంత ముందుకు ఉండాల. అవ్వను గూడా "అమ్మా, కొంచెం ఇట్లా జరుగు" అని సరిచేసి కూర్చోబెట్టినాడు.

బావికాడ టెంకాయ కొట్టి, చిత్తూరు, గంగాధర నెల్లూరు, కార్వేటినగరం మీదుగా పొయినాము. చింతపులుసన్నం, నిప్పట్లు, బొరుగులు, ఊరిబిండి. కార్వేటినగరం కోనేటి కాడ వాన దంచింది, లోపల ఒక చుక్క పడలా. పుత్తూరులో చేతులకీ కాళ్లకీ కట్లు కట్టుకోని కూర్చున్న జనాన్ని చూసి నేను బెదిరిపొయినా. పుత్తూరు కట్టంటే అప్పటికే పేరు. నగరి దాటినాక దోవ పొడుగునా కావళ్లే కావళ్లు, హరోం హర. చక్రం ఒక్కసారి గూడా కూయలా. మా నాయన పగ్గాలు పట్టుకోని కునుకు తీస్తే ఎద్దులే నడిచినాయి.

నువ్వు ఆ పొద్దు చెప్పినావే అమ్మణ్ణీ, జర్మనీలో వోక్స్‌వ్యాగన్ వ్యానులో మంచమూ పొయ్యీ పెట్టి 1951లోనే అమ్మినారని. వాళ్లూ మా నాయనా ఇంచుమించు ఒకే కాలంలో ఒకే పని చేసినారు. వాళ్లకు ఇంజనుండె, మాకు ఎద్దులుండె, అంతే తేడా.

మన తెలుగోళ్లలో అట్లాంటి బండి అందరికీ తెలిసింది ఎన్టీ రామారావుది. 1982లో పార్టీ పెట్టినాక పాత షెవర్లే వ్యానును బాగుచేయించి చైతన్య రథమన్న్యాడు. కొడుకు హరికృష్ణ నడిపినాడు. ఆయన దాంట్లోనే తినేది, దాంట్లోనే పొణుకునేది, దాని మీదికెక్కి మాట్లాడేది. 1983 జనవరిలో గెలిచి ముఖ్యమంత్రి అయినాడు, మన తిరుపతిలో గూడా నిలబడి గెలిచినాడు. ఆ బండి మన జిల్లాకొచ్చినప్పుడు నేనూ చూసినా. నేను అప్పటికి లారీ నడుపుతా ఉండా. జనమంతా పైకి చూసి చప్పట్లు కొడతా ఉంటే, నేను కిందికి వంగి వెనక కమాన్లు చూసినా. అంత పాత బండి, రాష్ట్రమంతా ఆ గుంతల రోడ్ల మీద! కింద పని గట్టిగా చేసినవాడెవడో గాని, వాడికి గూడా ఒక దండ వెయ్యాల్సింది.

సరే, మీ బండి కాడికొద్దాము. మంచం వెనకుండాది. నీళ్ల ట్యాంకు గూడా వెనక తలుపు కాడే పెట్టినారు. 200 లీటర్ల నీళ్లంటే 200 కేజీలు నాయనా, అదంతా వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది. ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు చేతికి దక్కదు, ఘాటు రోడ్డులో మలుపు కాడ తెలిసొస్తుంది. ట్యాంకును రెండిరుసుల నడుమకు, నేలకు దగ్గిరగా మార్చండి. గ్యాసు బండను మంచం కింద మూసిపెట్టినారు, అది ఇంకా తప్పు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీదికి దిగి ఆడే నిలుస్తుంది. కింద గాలి పొయ్యే బొక్క లేకుండా పొయ్యి అంటించొద్దు.

రేపు పొద్దున ఆ మంచమూ తెరలూ అన్నీ దించేయండి. కమాన్లు విప్పి పట్టీ పట్టీ తట్టి చూడండి, బ్రేకు లైనర్లు మార్పించండి, ఛాసిస్‌కు తుప్పు యాడుండాదో గీకి చూడండి. ఆమీద రవాణాశాఖ ఆఫీసుకు పొయ్యి అర్జీ పెట్టుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి రూపు మార్చాలంటే అనుమతి కావాల, రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించుకోవాల. అవన్నీ అయినాకే మంచం బిగించండి. తెరలు ఏ రంగువైనా నాకు అడ్డం లేదు.