యాస మీద నవ్వు: దఫ్తరు నుంచి ఐటీ ఆఫీసు దాకా

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూలో, మరాఠీలో ప్రసంగించినవాళ్లను సభ బుద్ధిగా విన్నది. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే గేలి, గోల. పాపం, ప్రసంగం సాగనేలేదు. ఆ రాత్రే తెలుగువాళ్లు కొందరు విడిగా కూర్చుని ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు దాన్ని ఊరూరికీ తీసుకెళ్లారు.

ఆ గేలి చేసినవాళ్లు దుర్మార్గులేమీ కాదు, సంస్కరణ కోరి వచ్చినవాళ్లే. కాకపోతే కోర్టు ఉర్దూది, పోలీసు ఠాణా ఉర్దూది, రెవెన్యూ దఫ్తరు ఉర్దూది. తెలుగంటే ఇంట్లోనో సంతలోనో మాట్లాడుకునేది. అలాంటి భాష వేదిక ఎక్కితే వాళ్లకు నవ్వొచ్చింది. ఆఫీసుల్లో యాసల మీద పేలిన జోకుల చరిత్ర చూస్తే నాకు ప్రతి మలుపులోనూ ఇదే కనిపిస్తుంది. ఏ భాషకు కుర్చీ ఉందో దానికి నవ్వే హక్కు ఉంటుంది.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్యతో కుర్చీ మారింది. ఉర్దూ వెనక్కి తగ్గి ఇంగ్లీషు ముందుకొచ్చింది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు కావాలని మద్రాసు రాష్ట్రం నుంచి ఉద్యోగులను రప్పించారు. నిన్నటిదాకా ఉర్దూలో మిసిల్ (ఫైలు) నడిపిన గుమాస్తా, తెల్లారేసరికి నోట్ ఫైల్ రాయడం రానివాడయ్యాడు. అది చాలదన్నట్టు అతని తెలుగు కూడా పనికిరాదన్నారు. ‘వచ్చిండు’ అంటే ఒక నవ్వు, ‘గిట్ల’ అంటే ఇంకో నవ్వు. మాటల్లో ఉర్దూ కలిసిందని దానికి ‘తౌరక్యాంధ్రం’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లు కూడా రోజంతా దరఖాస్తులు మంజూరు చేస్తూ, రసీదులు రాస్తూ, జమాబందీలు చూస్తూ ఉండేవాళ్లే. వాళ్ల తెలుగులో ఉర్దూ ఎంతుందో ఎవరూ లెక్కపెట్టలేదు. పైవాడి మాటలో కలిసిన ఉర్దూ పరిపాలనా పదం, కిందివాడి మాటలో కలిస్తే అపభ్రంశం.

ఎగతాళి ఒకవైపు నుంచే రాలేదు. 1952లో ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే, ఇవ్వాలని సాగిన ముల్కీ ఉద్యమంలో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’తో పాటు ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ కూడా వినిపించింది. అవతలివాళ్ల పలహారాన్నే నినాదం చేశారు. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ సెప్టెంబరులోనే సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డిని వేశారు.

1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాలున్నాయి, మిగులు నిధులున్నాయి, ఉర్దూకు కూడా చోటుంది. తెలంగాణ తెలుగు ఊసు మాత్రం లేదు. అదొక సమస్యని ఆ పెద్దమనుషులకు తట్టి ఉండదు. ఆ నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల తెలుగే పాఠ్యపుస్తకానికి, పత్రికకు, రేడియోకు ప్రమాణమైంది. వరంగల్ వాడు ఆఫీసు సెక్షన్‌లో నోరు విప్పితే ‘ఏమయ్యా, తెలుగు రాదా?’ అనేవాళ్లు. ‘పొద్దున్నే లేవడం మీకు మేమే నేర్పాం’ అన్న మాటా ఆ కాలం నుంచి చాలా ఏళ్లు తిరిగింది. అన్నవాడికి అది టీ వేళ సరదా. పడ్డవాడు మాత్రం ఇంటికెళ్లి పిల్లలకు చెప్పాడు, ఆ పిల్లలు గుర్తుపెట్టుకున్నారు. 1969 తెలంగాణ ఉద్యమం పాల్వంచలో ఉద్యోగాల గొడవతో మొదలైంది. అసలు కారణాలు ఉద్యోగాలు, నీళ్లు, నిధులే. జోకుల వల్ల ఉద్యమాలు పుడతాయని నేననను. అయితే ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మె దాకా ఉద్యోగులు ముందు వరుసలో ఎందుకు నిలిచారంటే, ఆ సెక్షన్ల ముచ్చట వదిలేసి జవాబు చెప్పలేం.

సినిమా ఈ నవ్వును ఊరూరికీ పంచింది. నాయకుడిది కోస్తా తెలుగు, గూండాది తెలంగాణ. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు కాశయ్య పాత్రకు ఆ యాస పెట్టి అదరగొట్టారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. నటన గొప్పదే, అందుకు ఆయన్ను తప్పుపట్టను. తరవాత వచ్చినవాళ్లే యాసనొక మేకప్ సామాను చేసుకున్నారు. అంతకుముందే ‘మాభూమి’ అదే యాసను గౌరవంగా వినిపించినా ఆ దారిన నడిచినవాళ్లు తక్కువ. 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ భానుమతి కథానాయికగా అదే యాసలో దబాయిస్తే జనం చప్పట్లు కొట్టారు. 2023లో ‘బలగం’ సరేసరి. తెలంగాణ రాష్ట్రం వచ్చి, కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేశాక యాసకు కుర్చీ దొరికింది. అందాకా లేని తీపి దానికి ఒక్కసారిగా వచ్చిపడింది. శ్రీకాకుళం యాసకు మాత్రం ‘పలాస 1978’ లాంటివి ఒకటీ అరా తప్పితే ఇంకా వాచ్‌మన్ వేషాలే.

ఇప్పుడు అందరం ఐటీ ఆఫీసుల్లో పడ్డాం. ఉత్తరాది సహోద్యోగికి కరీంనగరూ కాకినాడా ఒకటే, అందరూ ‘గుల్టీ’లే. మన ఇంగ్లీషు చివర అచ్చు చేర్చి ‘బస్సు, కారు’ అని అనుకరిస్తాడు. మా ఆఫీసులో ఒకమ్మాయి కారిడార్‌లో వాళ్లమ్మతో ఫోన్‌లో ‘బువ్వ తిన్నవా? నేను గిప్పుడే తింటున్న’ అంటుంది. ఫోన్ పెట్టి టీమ్ వైపు తిరగ్గానే పత్రికా తెలుగు, మేనేజరొస్తే ఇంకో ఇంగ్లీషు. ఒకసారి ఎవరో ఆ ‘గిప్పుడే’ని పట్టుకుని నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. మర్నాటి నుంచి ఫోన్ మెట్లమీదికి మారింది.

ఇందుకు చట్టమేమైనా ఉందా అంటే, పక్కపక్కనే కొన్ని ఉన్నాయి. కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. లైంగిక వ్యాఖ్యలకు 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, ఆ తరవాత 2013 చట్టం వచ్చాయి. పదిమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ‘సరదాకే అన్నా’ అంటే అక్కడ చెల్లదు. యాసకు అలాంటిదేమీ లేదు. రాజ్యాంగం పదహారో అధికరణంలో సర్కారు కొలువుల విషయంలో వివక్ష కూడదన్న జాబితాలో పుట్టిన చోటుంది, నివాసముంది, భాష లేదు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం అలాంటి జాబితాలో జాతీయ మూలాన్ని చేర్చింది. 1980లో అక్కడి సమాన ఉపాధి అవకాశాల కమిషన్, జాతి పేరుతో వేసే ఎకసెక్కాలు పనిచోటును దుర్భరం చేస్తే వేధింపేనంది. ఉద్దేశం ఒక్కటే కాదు, ఫలితాన్నీ చూడాలంది. భాషాపరమైన లక్షణాలూ ఆ నిర్వచనంలోకి వస్తాయి. అంటే, సిద్దిపేట కుర్రాడి మాటతీరును డాలస్ ఆఫీసులో అదేపనిగా వెక్కిరిస్తే అతను కమిషన్‌కు వెళ్లొచ్చు. మాదాపూర్‌లో అదే జరిగితే హెచ్చార్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ముందుగా అడిగేది, ‘జోక్ కూడా తీసుకోలేవా?’ అని.