అరబ్బేతరుల చేతుల్లో అరబీ

సమస్త స్తుతులూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ కారుణ్యమూ శాంతీ వర్షించుగాక! అమ్మాబాద్.

ధార్మిక సోదరులారా!

కొన్నేళ్ల క్రితం మా మక్తబులో ఒక బాలుడు ఖుర్ఆన్ పఠనం పూర్తి చేశాడు. వాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగు. తండ్రి సంతోషంతో మిఠాయి పంచాడు, మేము దుఆ చేశాము. అందరూ వెళ్లిపోయాక ఆ పిల్లవాడు మా దగ్గరకు వచ్చి, "హజరత్, నేను చదివినదంతా అల్లాహ్ మనతో చెప్పిన మాటే కదా! ఏమి చెప్పాడు?" అని అడిగాడు. "చదివితే పుణ్యం లభిస్తుంది నాయనా, అది చాలు" అన్నాము. పిల్లవాడు తల ఊపి వెళ్లిపోయాడు. మేము చెప్పినది అసత్యం కాదు. కాని అతడు అడిగినదానికి అది జవాబు కాదు. ఆ లోటు నేటికీ మా మనసును తొలుస్తూనే ఉన్నది. అందుకే ఈ జుమా నాడు, అరబీ మాతృభాష కానివారికి ఆ భాషను నేర్పిన చరిత్రను మీ ముందు ఉంచదలిచాము.

అరబీ అరబ్బులకు మాత్రమే చెందిన విద్య అనీ, మనవంటివారికి అక్షరాలు కూడబలుక్కోవడమే గొప్ప అనీ మనలో చాలామంది భావిస్తారు. చరిత్ర ఇందుకు భిన్నంగా సాక్ష్యమిస్తున్నది. ఇస్లాం ఇరాక్, ఈరాన్ దేశాలకు వ్యాపించినప్పుడు పర్షియన్, అరమేయిక్ వంటి భాషలు మాట్లాడే ప్రజలు తండోపతండాలుగా ధర్మంలో ప్రవేశించారు. వారి నాలుకపై అరబీ పదాంతాలు తడబడసాగాయి. ఆ రోజుల ఖుర్ఆన్ ప్రతులలో అచ్చుల గుర్తులు లేవు. తౌబా సూరా మూడవ ఆయతులో 'రసూలుహూ' అనే పదమున్నది. అల్లాహ్‌కూ, ఆయన ప్రవక్తకూ బహుదైవారాధకుల విషయంలో ఇక ఏ బాధ్యతా లేదని అక్కడి భావం. ఒక వ్యక్తి దానిని 'రసూలిహీ' అని చదవగా, అల్లాహ్ తన ప్రవక్తతోనే సంబంధం తెంచుకున్నాడన్న విపరీతార్థం వచ్చినదని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఒక్క అచ్చు మారితే ఎంత ప్రమాదమో చూడండి!

ఈ ప్రమాదాన్ని గుర్తించి కార్యోన్ముఖులైనవారు బస్రాకు చెందిన అబుల్ అస్వద్ అద్దుఅలీ (రహ్మలై). ఆయన హిజ్రీ 69లో మరణించారు. ఈ విద్యకు తొలి దారి చూపినవారు హజ్రత్ అలీ (రజి) అని పలువురు పండితులు చెబుతారు. అబుల్ అస్వద్ ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టుకుని, తమ పెదవులను గమనించమన్నారు. పెదవులు విచ్చుకుంటే అక్షరంపైన, కిందికి వాలితే అక్షరం కింద, ముడుచుకుంటే అక్షరం పక్కన, వేరే రంగు సిరాతో చుక్క పెట్టించారు. తరువాతి కాలంలో ఖలీల్ బిన్ అహ్మద్ (రహ్మలై) ఆ చుక్కల స్థానంలో నేడు మనం చూసే జబర్, జేర్, పేష్ గుర్తులను రూపొందించారు. నేడు మన పిల్లల ఖాయిదాలో ఉన్న ప్రతి గుర్తూ, సరిగా చదవలేక తడబడుతున్నవారి మేలు కోరి పండితులు పడిన శ్రమకు ఫలితమే.

సోదరులారా! ఖలీల్ శిష్యులలో అగ్రగణ్యుడు సీబవైహ్ (రహ్మలై). ఆయన అరబ్బు కారు. ఈరాన్‌లోని షీరాజ్ సమీపాన బైజా ఆయన స్వస్థలం. హదీసు విద్య కోసం బస్రాకు వచ్చి హమ్మాద్ బిన్ సలమా (రహ్మలై) సన్నిధిలో కూర్చున్నారు. ఒకనాడు హదీసు చదువుతూ ఒక పదాంతాన్ని తప్పుగా పలికారు. గురువు అందరి ముందు సరిదిద్దారు. ఆ యువకుడు అవమానంతో ఇంటిదారి పట్టలేదు. ఇకపై తన పలుకులో ఎవరూ తప్పు పట్టలేనంతటి విద్య నేర్చుకుంటానని నిశ్చయించుకుని ఖలీల్ వద్దకు చేరారు. సుమారు హిజ్రీ 180లో, వృద్ధాప్యం రాకముందే ఆయన మరణించారు. ఆయన విడిచివెళ్లిన గ్రంథానికి స్వయంగా పేరైనా పెట్టలేదు. లోకం దానిని 'అల్ కితాబ్' అని పిలుచుకున్నది. అందులో 29 అక్షరాలు గొంతులో, నాలుకపై, పెదవులపై ఏయే 16 స్థానాల నుండి పుడతాయో వివరించారు. నేటికీ తజ్వీదు గురువులు ఆ విజ్ఞానం మీదనే ఆధారపడుతున్నారు. అంటే, ఒకప్పుడు అరబీలో తప్పు చదివిన ఈరానీ విద్యార్థి అరబ్బులకే అరబీ వ్యాకరణ గురువైనాడు!

ఆయన ఒక్కరే కాదు. 'ముఫస్సల్' రచించిన జమఖ్షరీ మధ్య ఆసియాలోని ఖ్వారజ్మ్‌కు చెందినవారు. నేటికీ అరబ్ దేశాలలో పిల్లలకు తొలి వ్యాకరణంగా చెప్పే 'ఆజుర్రూమియ్యా' కర్త, హిజ్రీ 723లో మరణించిన ఇబ్ను ఆజుర్రూమ్, మొరాకోలోని ఫేజ్ నగరానికి చెందిన బర్బర్ పండితుడు. పరభాషగా నేర్చుకున్నవారికి అందులో కష్టం ఎక్కడున్నదో తెలుసు. తాము ఎక్కడ తడబడ్డారో అక్కడే తరువాతివారికి మెట్టు కట్టారు.

ఇక మన దేశానికి వద్దాం. 18వ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ (రహ్మలై) రూపొందించిన పాఠ్యక్రమం 'దర్సె నిజామీ'గా ప్రసిద్ధి చెందినది. మేమూ అదే చదివాము. అరబీ వ్యాకరణానికి తొలిమెట్టు అయిన 'నహ్వ్ మీర్' పర్షియన్ భాషలో ఉన్నది. దానిని రచించిన మీర్ సయ్యిద్ షరీఫ్ జుర్జానీ ఉద్దేశం స్పష్టం: విద్యార్థికి తెలిసిన భాషలో తెలియని భాషను బోధించడం. ఆ కాలపు విద్యార్థులకు పర్షియన్ తెలుసు. మా వంతు వచ్చేసరికి ఆ పర్షియన్ పుస్తకాన్ని ఉర్దూలో వివరిస్తుండగా, మేము మనసులో తెలుగులోకి మార్చుకునేవాళ్లం. ఒక్క ఏరు దాటవలసినచోట మూడు ఏళ్లు దాటాము. మా గురువులను తప్పుపట్టడం లేదు. వారు తమకు అందిన అమానతును భద్రంగా మాకు అందించారు. కాని ఆ పుస్తకం పర్షియన్‌లో ఎందుకున్నదో మేము ఆలోచించలేదు. రూపాన్ని పట్టుకుని, దాని వెనుకనున్న వివేకాన్ని విడిచిపెట్టాము.

ఆ వివేకాన్ని తిరిగి పట్టుకున్నవారూ ఉన్నారు. 1930 దశకపు తొలి సంవత్సరాలలో మొరాకో పండితుడు తఖీయుద్దీన్ హిలాలీ లక్నోలోని నద్వాలో, అనువాదం జోలికి పోకుండా మాటల ద్వారానే అరబీని నేర్పారు. మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ (రహ్మలై) తమ అన్న కుమారుని కోసం 'ఖససున్నబియ్యీన్' పేరిట ప్రవక్తల గాథలను తేలికైన చిన్న చిన్న వాక్యాలలో, అవే పదాలు మళ్లీ మళ్లీ వచ్చేలా రచించారు. ఇంట్లో పిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ పుస్తకం లక్షల ఇళ్లకు చేరినది.

మన పొరుగు రాష్ట్రం తమిళనాడులోని వానియంబాడి పట్టణంలో 1933లో జన్మించిన డాక్టర్ వి. అబ్దుర్రహీం గారి సంగతి మరింత ఆలోచింపదగినది. ఆయన మదీనా ఇస్లామీయ విశ్వవిద్యాలయంలో దేశదేశాల విద్యార్థులకు అరబీ బోధించారు. వారికోసం మూడు భాగాలుగా రచించిన 'దురూసుల్లుగతిల్ అరబియ్యా' నేడు ప్రపంచమంతటా చదవబడుతున్నది. మొదటి పాఠంలో వ్యాకరణ నిర్వచనాలు లేవు. 'హాదా' అనే ఒక్క పదంతో ఇల్లు, మస్జిదు, తలుపు, పుస్తకం చూపబడతాయి. దక్షిణాది పట్టణంలో పుట్టినవారు ప్రవక్త (సఅసం) నగరంలో అరబీ గురువై, 2023లో అక్కడే కన్నుమూశారు. మనకు దూరమని మనం అనుకున్న విద్య మన పక్క ఊరివారికి అంత దగ్గరైనది.

సోదరులారా! మన పిల్లలు ఖాళీ చేతులతో రారు. కలం, జవాబు, హక్కు, తారీఖు, హాజరు, వకీలు, వసూలు - ఇవన్నీ తెలుగువాడు రోజూ పలికే అరబీ పదాలే. 'హక్కు' ఖుర్ఆన్‌లోని 'హఖ్', 'కలం' ఒక సూరా పేరు అని చెబితే పిల్లవాని కళ్లు వెలుగుతాయి. అదే సమయంలో, 'ఖల్బ్' అంటే హృదయమనీ, 'కల్బ్' అంటే కుక్క అనీ చెప్పి, నాలుక మొదలు నుండి పలికే 'ఖాఫ్' ఎందుకు ముఖ్యమో అర్థం చేయించండి. కారణం తెలిసిన నాలుక శ్రద్ధగా కదులుతుంది, దెబ్బలతో పని ఉండదు. తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ చదివేవానికి రెండు పుణ్యాలున్నాయని మన ప్రవక్త (సఅసం) శుభవార్త తెలిపారు. అటువంటప్పుడు తడబడిన పిల్లవాణ్ణి చూసి నవ్వే హక్కు మనకెక్కడిది?

బిస్మిల్లాహ్‌తో కలిపి ఫాతిహా సూరాలో 29 పదాలున్నాయి. రోజుకొక పదానికి తెలుగులో అర్థం చెబితే, ఒక నెలలో మన పిల్లలు ప్రతి రకాతులో తాము అల్లాహ్‌తో ఏమి విన్నవించుకుంటున్నారో తెలుసుకుంటారు. పిల్లల పక్కన తల్లులూ, మనమూ కూర్చుందాం. మా మక్తబులో ఈ పద్ధతి మొదలుపెట్టాము. ఆనాడు ప్రశ్న అడిగిన బాలుడు ఇప్పుడు పెద్దవాడై ఉద్యోగరీత్యా వేరే ఊరిలో ఉన్నాడు. అతనికి ఇవ్వవలసిన జవాబు బాకీ ఉండిపోయింది. అతని వెనుక వచ్చేవారికైనా ఆ బాకీ తీర్చాలన్నదే మా తపన.

ఓ అల్లాహ్! నీ గ్రంథ భాషను మాకు సులభతరం చేయి. దానిని మాకు అందించిన పండితులపై నీ కారుణ్యాన్ని కురిపించు. మా పిల్లల నాలుకలకు స్పష్టతను, హృదయాలకు అవగాహనను ప్రసాదించు. మా నిర్లక్ష్యాన్ని మన్నించు. ఆమీన్.